నీలం దారం కట్టిన పెట్టెలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో నోట్లో పెట్టుకున్న ముద్ద కూడా కాలిన వార్నిష్ వాసన వేసేది. దిండు గలీబుల్లో అదే వాసన, తలంటుకుని ఆరబెట్టుకున్న జుట్టులో అదే వాసన. వాసన పోయి చాలా ఏళ్లయింది. రోత మాత్రం పోలేదు.

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, ఓడలో ఒక కంటైనర్ నిండా పాత గేమ్ సెట్లు తెప్పించారు. టీవీకి తగిలించి ఆడుకునేవి. ఎవరో పరాయి దేశం వాళ్లు ఏళ్ల తరబడి ఆడి, విసుగొచ్చి పారేసిన సరుకు అది. వీధివైపు గది మా దుకాణం, వెనక గదుల్లో మా కాపురాలు. సరుకు దుకాణంలో పట్టక నట్టింట్లోకి వచ్చింది. మంచమెక్కాలంటే గేమ్ సెట్లు దాటుకుని వెళ్లాలి.

మూత విప్పితే చాలు, లోపల ఎవరెవరివో వెంట్రుకలు. సిగరెట్ పొగ పట్టి జిడ్డు దిగిన ప్లాస్టిక్. లోపలి కరెంటు భాగం ఎప్పుడూ వెచ్చగా ఉంటుందేమో, బొద్దింకలకి అదే పురిటిల్లు. మా తోటికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పాత పళ్ల బ్రష్షుతో ఒక్కొక్కటీ తోమేది. ఓ రోజు ఒక జాయ్‌స్టిక్ సందులోంచి ఎవరో కొరికి పారేసిన గోరు ఊడిపడింది. ఆ పూట ఆవిడ భోజనం ముట్టలేదు.

"ఎవరి మురికో కడగడానికేనా మా అమ్మ నన్ను కన్నది?" అంది.

"ఇంకా నయం అక్కా, వాళ్ల పళ్లు రాల్లేదు" అన్నాను.

అసలు చిక్కు మురికిది కాదు, కరెంటుది. ఆ దేశంలో గోడలో వచ్చేది వంద వోల్టులు. మన గోడలో రెండు వందల ముప్పై. ఈ సంగతి సెట్టు వెనక బొడిపె అక్షరాల్లో రాసే ఉంటుంది. ఆగి చదివే ఓపిక మా ఆయనకి లేదు. మొదటి సెట్టుని తిన్నగా గోడకి తగిలించి స్విచ్ వేశారు. టప్పుమని చప్పుడు, కుళ్లిన చేప వాసనతో పొగ. వంటింట్లోంచి మా అత్తగారు "ఏం చచ్చిందిరా అక్కడ?" అని కేకేసింది.

"సెట్టు పోయిందమ్మా" అన్నారు మా ఆయన, దగ్గరి చుట్టమెవరో పోయినంత వినయంగా.

అక్కడినుంచి నా పని మొదలైంది. నేను వైండర్ని. మా నాన్న మోటార్లకి రాగి తీగ చుట్టేవాడు. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. గోడలోని రెండు వందల ముప్పైని వందకి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె చుట్టడం నా పని. గోడ కరెంటుకి ఒక చుట్ట, సెట్టుకి ఇంకో చుట్ట, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా మధ్యలో గట్టి కాగితం. ఒక చుట్ట తెగినా కాలినా గోడ కరెంటు అవతలికి దూకకూడదు. చుట్టడమయ్యాక ఇనుప రేకులు దోపి, వార్నిష్‌లో ముంచి, ఎండలో ఆరబెడతాను. ఆ తర్వాత, ఒక సెట్టుని మొయ్యాల్సిన పెట్టెకి రెండు సెట్లు తగిలించి గంటసేపు నడుపుతాను. గంటయ్యాక దానిమీద అరచెయ్యి ఆనిస్తాను. చెయ్యి నిలిస్తే, బయటికొచ్చే తీగకి నీలం దారం కడతాను. నిలవకపోతే దారం లేదు, పెట్టె విప్పి మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆ ముడి మా నాన్నది. రెండు చుట్లు తిప్పి, కొసని కిందనుంచి తెచ్చి లోపలికి దోపేస్తే లాగేకొద్దీ బిగుస్తుంది.

ఆ దారం సంగతి మా చుట్టుపక్కల వీధులన్నిటికీ తెలుసు. దారం ఉందో లేదో చూసి, పెట్టెని చేత్తో ఎత్తి బరువు అంచనా కట్టుకుని మరీ పట్టుకెళ్లేవాళ్లు. రాగి, ఇనుము కదా, ఒక్కోటి చంటిపిల్లంత బరువుండేది.

అలా వచ్చినావిడే కండక్టరుగారి భార్య. కండక్టరుగారు మా వీధి చివరింట్లో ఉంటారు. బస్సు ఉద్యోగం అయిపోయిన ఏడాదికి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. వేళ్లు కదిలే ఆట ఏదైనా ఆడించమన్నాడట డాక్టరు. ఆవిడ ఓ గేమ్ సెట్టు ఎంచుకుని, "నువ్వు చేసిన పెట్టె ఇవ్వమ్మా" అంది. అప్పటికి ఒక్కటీ సిద్ధంగా లేదు. నాలుగు రోజులాగి రమ్మన్నాను.

బడులకి సెలవులిచ్చేశారు. దుకాణం ముందు తిరునాళ్లలా జనం. బావగారు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, రోజుకెన్ని అవుతున్నాయి?"

"ఆరు, బావగారూ."

"ఇరవై కావాలి."

"గట్టిగా కూర్చుంటే పన్నెండు చుట్టగలను. కానీ ఒక్కోదానికీ గంట పరీక్ష పెట్టాలి కదండీ."

"ఆ గంట మానెయ్."

"మానేస్తే దారం కట్టను."

బావగారికి కోపం రాదు. మనం భయపడాల్సింది ఆ గుణానికేనని నాకు అప్పటికింకా తెలీదు. "సరేలేమ్మా, నీ పని నీది" అని నవ్వి వెళ్లిపోయారు.

వారం తిరిగేసరికి నామీద ఒత్తిడి పోయింది. నేను ఆరే చుడుతున్నాను, ఎవరూ పల్లెత్తు మాట అనట్లేదు. గిరాకీ తగ్గిందనుకున్నాను. మా ఆయన మాత్రం పొద్దున్నే గోడౌన్‌లో పనుందని వెళ్లి, సాయంత్రానికి వేళ్లు పగిలిపోయి వచ్చేవారు. గోళ్లలో బూడిదరంగు మట్టి.

"ఏం పనండీ అది?"

"ఏముంది, అట్టపెట్టెలు. ఒకటే దుమ్ము."

కణుపుల దగ్గర నెత్తురు చారలు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. రోజూ దీపాలు వెలిగే వేళకి ఎదురుగా కూర్చోబెట్టుకుని వేలు వేలుకీ మందు రాసేదాన్ని. ఎడమ చూపుడు వేలి కొసన ఆయనకి చిన్నప్పుడు తెగిన అడ్డగీత మచ్చ ఒకటుంది. అక్కడ మరీ పగిలేది. ఊదుతూ రాసేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని పిల్లాడిలా కూర్చునేవారు.

ఆ వారమే బావగారి కూతురు పిల్లల్తో సెలవులకి దిగింది. బావగారు మళ్లీ నా బల్ల దగ్గరికొచ్చారు. ఈసారి గొంతు తగ్గించి, "అమ్మాయ్, మా గదిలోకి ఒకటియ్యి. నువ్వు స్వయంగా చుట్టిందే సుమా" అన్నారు.

నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను. పెద్దాయనకి నా పనిమీద ఎంత గురి అని మా ఆయనతో చెప్పుకున్నాను కూడా. మా ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఓ మధ్యాహ్నం నా దగ్గర దారం అయిపోయింది. కొత్త ఉండ కోసం నట్టింట్లోకి వెళ్లాను. చుట్టూ పెట్టెలు పరుచుకుని, మధ్యలో మా అత్తగారు, అక్క కబుర్లాడుకుంటూ దారాలు కడుతున్నారు. నీలం దారాలు. అత్తగారు ముక్కలు కోస్తోంది, అక్క ముళ్లు వేస్తోంది.

"నువ్వెందుకు లేచొచ్చావే? మెడనొప్పిట కదా, బావ చెప్పాడు" అంది అత్తగారు. "నువ్వు పరీక్ష చేసి పంపుతున్నావు, అదే చాలా ఎక్కువ. దారాలు కట్టడానికి మేం లేమూ?"

అక్క తలెత్తి, "నీ ముడి నాకు ఎంతకీ రాలేదే తల్లీ, మామూలు ముడే వేస్తున్నాను. ఫరవాలేదుగా?" అంది.

ఆవిడ వేలికొసలు నీలంగా ఉన్నాయి.  ఒక పెట్టె ఎత్తి చూశాను. బరువు సరిగ్గా ఉంది. ఫరవాలేదని గొణిగి, పెట్టెని బల్ల దగ్గరికి తీసుకొచ్చి నాలుగు మరలూ విప్పాను.

లోపల నా పిడికిట్లో సగం లేని చుట్ట. రెండు కాదు, ఒక్కటే చుట్ట, అదీ సన్నటి తీగతో. దాని మధ్యలోంచి ఒక తీగ లాగి వంద వోల్టులు తీశారు. ఆ చుట్ట కింది సగంలో ఎక్కడ తెగినా గోడలోని కరెంటంతా తిన్నగా సెట్టులోకి పోతుంది. మిగిలిన ఖాళీ అంతా సిమెంటు. జనం ఎత్తి చూసుకుంటారు కదా, బరువు కోసం పోసిన సిమెంటు.

తడిగా ఉన్నప్పుడు ఎవరో వేలితో అదిమి సదిరారు. గట్టిపడ్డ సిమెంటు మీద వేలి అచ్చు పడింది. దాని కొసన అడ్డంగా ఒక గీత.

నేను రోజూ ఊదుతూ మందు రాసిన వేలది.  

గోడౌన్‌కి వెళ్లాను. మా ఆయన తట్టలో సిమెంటు కలుపుతున్నారు. నన్ను చూసి లేచారు. చేతులు వెనక్కి దాచుకున్నారు, ఆ చేతుల్ని నేనెప్పుడూ చూడనట్టు.

"అన్నయ్య చెప్పాడు" అన్నారు. "చుట్టలు బయట చవగ్గా కొన్నాడు. తేలిగ్గా ఉంటే ఎవరూ తీసుకోవట్లేదు."

"నేను కూర్చుని మందు రాస్తుంటే నోరెందుకు పెగల్లేదు మీకు?"

 "హాయిగా ఉండేది" అన్నారు. "చెప్తే రాయడం మానేస్తావని..."

అన్నగారంటే భయమని చెప్పినా, కాపురం కోసమని అబద్ధమాడినా ఇంత అసహ్యం వేసేది కాదు. మందు కోసమట. ఆ గోడౌన్‌లో ఆయన పక్కన నిలబడి గాలి పీల్చడానికి కూడా నాకు రోత పుట్టింది.

"కండక్టరుగారి భార్య వచ్చిందా?"

"మొన్న వచ్చింది. అన్నయ్య ఇచ్చాడు."

"వీటిలోదేనా?"

మా ఆయన తల దించుకున్నారు.

కండక్టరుగారి ఇల్లు తలుపు తీసే ఉంది. ఆయన దిండ్లకి ఆనుకుని కారు ఆట ఆడుతున్నారు. నన్ను చూసి మొహం చేటంతైంది. "రా తల్లీ! ముప్పై ఏళ్లు డ్రైవరు వెనకాల నిలబడి ప్రయాణం చేశాను. ఇన్నాళ్లకి బండి నా చేతికొచ్చింది. రైట్ రైట్!"

ఎడమచేతి వేళ్లు జారిపోతున్నాయని ఆయన భార్య ఆ చేతిని జాయ్‌స్టిక్‌కి మెత్తటి గుడ్డతో చుట్టి కట్టింది. షాకు కొడితే ఆ చెయ్యి విడిపించుకోవడం ఆయన వల్ల కాదు.  పరిగెత్తి గోడలోంచి ప్లగ్గు పీకేశాను. మంచం పక్కన స్టూలు మీదున్న పెట్టెపై అరచెయ్యి ఆనించాను. చురుక్కుమంది. చెయ్యి నిలవలేదు.

"ఏమైందమ్మా?" అంటూ ఆయన భార్య వంటింట్లోంచి వచ్చింది.

"ఇది నేను చేసింది కాదండీ."

"అదేంటి, దారం ఉందిగా?" ఆవిడ వంగి ఆ నీలం ముక్కని పట్టుకుని చూపించింది. "కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి తెచ్చాను."

ఏం చెప్పను? మా ఇంటి ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ కట్టిన దారమని చెప్పనా? మా ఆయన మెత్తిన సిమెంటని చెప్పనా? మంచిది తెచ్చిస్తానని చెప్పి, ఆ పెట్టెని చంకన పెట్టుకుని బయటపడ్డాను. వీధి పొడుగునా తల ఎత్తలేకపోయాను. నా దారం చూసి ఒక మనిషి చేతిని కరెంటుకి కట్టేశారు. అంతకంటే సిగ్గుచేటు నా బతుక్కి ఇంకోటి లేదు.

ఇంటికొచ్చి చూస్తే నా బల్లమీద ఉన్నవాటికి వార్నిష్ తడి కూడా ఆరలేదు. చుట్టి, ఆరి, పరీక్ష దాటి, చెయ్యి నిలిచిన పెట్టె ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. అది బావగారి గదిలో ఉంది.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. నేను తిన్నగా బావగారి గదిలోకి వెళ్లి, నా పెట్టె ఊడదీసి తెచ్చుకున్నాను. కండక్టరుగారింటినుంచి తెచ్చిన దాన్ని బావగారి కంచం పక్కన దించాను.

"మీ గదిలోది కండక్టరుగారికి ఇచ్చేస్తున్నాను బావగారూ. మీరు దీన్ని వాడుకోండి. మన షాపుదే. దారం కూడా ఉంది."

ఆయన ముద్ద కలుపుతూ నవ్వారు. "ఇప్పుడెందుకమ్మా. తర్వాత నువ్వే తీరిగ్గా ఇంకోటి చుడుదువుగానిలే."

"తర్వాతంటే పిల్లలు ఊరుకుంటారా నాన్నా?" అంది ఆయన కూతురు. అప్పటికే భోజనం ముగించి లేచింది. "పొద్దుటినుంచి బుర్ర తినేస్తున్నారు. ఇటివ్వండి పిన్నీ, నేను తగిలిస్తాను." వంగి పెట్టె అందుకోబోయింది.

"ముట్టుకోకు!"

ఎంగిలి చేత్తోనే కూతురి మణికట్టు పట్టుకున్నారు బావగారు. మోకాలు తగిలి కంచం బోర్లపడింది. ఆయన గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో ఎవరమూ ఎన్నడూ వినలేదు.

అక్క వడ్డిస్తున్నదల్లా ఆగింది. గరిటె కింద పెట్టి మొగుణ్ణి చూసింది, పెట్టెని చూసింది, తన వేలికొసలు చూసుకుంది.

"ఎందుకండీ ముట్టుకోకూడదు?" అంది. "దాని ముడి నేనేగా వేసింది."

బావగారు కూతురి చెయ్యి వదిలేశారు. "మీకు తెలీదులే. వ్యాపారమన్నాక..."

"నూటికి పైగా కట్టాను" అంది అక్క. "పిల్లలున్న ఇళ్లకేనా అవన్నీ వెళ్లింది?"

 అక్క పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఎంతసేపో కడుక్కుంటూనే ఉంది. మా అత్తగారు పెద్దకొడుకు వైపు చూడకుండా, "ముసలిదాన్ని, నాచేత కూడా దారాలు కోయించావుగదరా" అని కంచం ముందునుంచి లేచిపోయింది. మా ఆయన మూలన కుక్కిన పేనులా కూర్చున్నారు.

నేను కండక్టరుగారింటికి వెళ్లాను. తగిలించేముందు నా నీలం దారాన్ని కత్తెరతో కోసేశాను.

"అయ్యో, దారం తీసేశావేం?" అంది ఆయన భార్య.

"ఇకమీదట దారం చూసి ఏదీ కొనకండి." పెట్టె మూత విప్పి రెండు చుట్టలూ, మధ్య కాగితమూ చూపించాను. ఆవిడకి ఎంత అర్థమైందో తెలీదు. గంటసేపు అక్కడే కూర్చున్నాను. గంటయ్యాక కండక్టరుగారు తన ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి పెట్టెమీద పెట్టుకున్నారు.

"వెచ్చగా ఉంది తల్లీ, అంతే" అన్నారు. "రైట్ రైట్."

మిగిలిన సెలవులన్నీ అక్కా నేనూ ఇల్లిల్లూ తిరిగాం. తలుపు తట్టడం, నీలం దారం కట్టిన పెట్టె ఉందా అని అడగడం, ముడి చూడటం. మా నాన్న ముడైతే వదిలేశాం, మామూలు ముడైతే పట్టుకొచ్చాం. కొందరు మంచినీళ్లిచ్చారు, కొందరు మొహం మీద తలుపేశారు. ఒకింట్లో అప్పటికే సెట్టు కాలిపోయి టీవీ వెనక గోడంతా నల్లబడింది. ఆ ఇంటావిడ నావైపు వేలు చూపించి, "ఈవిడదే దారం" అని పక్కింటివాళ్లకి చెప్పింది. నిజమే కదా. సగానికి పైగా దొరికాయి. వేరే ఊళ్లవాళ్లు సంచుల్లో వేసుకుపోయినవి ఎక్కడున్నాయో, ఏ పిల్లలు ఆడుతున్నారో ఇప్పటికీ నాకు తెలీదు.

అక్క ఆ రోజునుంచి బావగారి గది గడప తొక్కలేదు. అత్తగారి పక్కన మంచం వేసుకుంది. బావగారు దుకాణంలో అందరితో ఎప్పట్లాగే నవ్వుతూ మాట్లాడుతూనే ఉన్నారు. నేను నా బల్ల ఎత్తుకుని వేరే వీధిలో ఓ గది చూసుకున్నాను. అక్కడ పెట్టెలకి మూత బిగించను. కొనేవాళ్ల ఎదుట విప్పి చూపించాకే మరలు తిప్పుతాను. ఒక్కోదానికి ఇంకో గంట ఎక్కువ పడుతుంది, పడనీ.

సెలవుల ఆఖరి రోజున, తిరిగొచ్చిన పెట్టెల్ని మా ఆయన గోడౌన్‌లో ఒక్కరే సుత్తితో పగలగొట్టారు. ఎవరూ చెప్పకుండానే. సాయంత్రం దీపాలు వెలిగే వేళకి నా కొత్త గదికి వచ్చి, ఎప్పట్లాగే ఎదురుగా కూర్చుని వేళ్లు చాపారు. చర్మం చీలి కణుపు కణుపునా నెత్తురు. చూపుడు వేలి మీద ఆ గీత.

మందు డబ్బా తెచ్చాను. మూత తీశాను. పాపం అనిపించింది, నిజంగానే అనిపించింది. రాద్దామని చెయ్యి సగం దాకా వెళ్లింది కూడా. ముట్టుకోబుద్ధి కాలేదు. డబ్బా ఆయన మోకాలి పక్కన పెట్టి, తీగ చుట్టుకోవడానికి బల్ల దగ్గరికి వెళ్లిపోయాను.